సాంచా చప్పుడుకు రెండు మార్కులు

ఆ రెండు మార్కులు కోసింది నేనే. ముందే ఒప్పుకుంటే, తర్వాత రాసేదానికి కొంతైనా అర్హత మిగులుతుంది.

బడిపిల్లల కోసం ఆన్‌లైన్‌లో పెట్టిన ఒక సాహిత్య, కళా ఉత్సవానికి నన్ను న్యాయనిర్ణేతగా కూర్చోబెట్టారు. కూర్చోబెట్టడమంటే ఎక్కడికో పిలిచి కాదు, మా ఇంట్లో నా కుర్చీలోనే. కథ, కవిత, వక్తృత్వం, జానపద గానం, ఏకపాత్రాభినయం, బృంద ప్రదర్శనలు, అన్నీ వీడియోలుగా వచ్చి పడుతుంటాయి. చాయ్ తాగుతూ మార్కులు వేయడమే పని. నియమాల కాగితం ఒకటి పంపారు. మొత్తం పన్నెండు. అందులో ఏడోది ఇది: నేపథ్యంలో ఇతర శబ్దాలు ఉండరాదు, ఉంటే రెండు మార్కుల దాకా తగ్గించవచ్చు. చదివినప్పుడు నాకేమీ తేడాగా అనిపించలేదు. సభలో ఎవరైనా దగ్గితేనే వెనక్కి తిరిగి చూసే మనిషిని నేను.

జానపద గానంలో ఒక వీడియో సిరిసిల్ల నుంచి వచ్చింది. పదో తరగతి అమ్మాయి. వెనక నీలం సున్నం గోడ, గోడకు మేకు, మేకుకు సంచి. నాట్లప్పుడు పాడే పాట ఎత్తుకుంది. గొంతు కొంచెం బొంగురు, కానీ ఎక్కడా తడబాటు లేదు. దాని వెనకాల ఆగకుండా ఒకటే మోత. టకటక, టకటక, టకటక. పాట సగంలో ఉండగా పక్క గదిలోంచి ఎవరో ఆడమనిషి కేక: “పోగు దెగింది, జర సూడు.” అమ్మాయి కళ్లు ఒక్కసారి అటు తిరిగాయి. పాట మాత్రం ఆగలేదు. గొంతు ఒక మెట్టు పైకెత్తి, ఆ మోత మీద నుంచి పాడుకుంటూ వెళ్లిపోయింది. నేను ఏడో నియమం గుర్తు చేసుకుని రెండు మార్కులు తీసేశాను.

ఫలితాలు వచ్చాక వాళ్ల టీచరు ఫోన్ చేశారు. గొడవ పెట్టుకోవడానికి కాదు, సర్టిఫికెట్‌లో పేరు తప్పు పడిందని. ఆ అమ్మాయి పక్కనే ఉందని ఫోన్ ఇచ్చారు. ఇంట్లో శబ్దం లేనప్పుడు పాడితే బాగుండేదమ్మా అన్నాను, పెద్దరికంగా. “మూడు దినాలు సూసిన సార్,” అంది. “కరెంటు పోనే లేదు.”

తెలంగాణలో కరెంటు పోవాలని కోరుకున్న పిల్లను నేను చూడ్డం అదే మొదలు.

సిరిసిల్ల తెలియని వాళ్లకు రెండు ముక్కలు. సాంచా అంటే మరమగ్గం. ఊళ్లో సుమారు 30 వేల సాంచాలుంటాయని లెక్క. బి.వై.నగర్, సుందరయ్య నగర్ సందుల్లో నడిస్తే ఇళ్ల వరసేదో కార్ఖానాల వరసేదో విడదీసి చెప్పలేం. ముందు గదిలో పొయ్యి, వెనక షెడ్డులో నాలుగో ఎనిమిదో సాంచాలు. సాంచాలున్న ఆసామి ఇల్లైనా, పనికెళ్లే కార్మికుడి ఇల్లైనా ఆ మోత ఒకటే. ఆడవాళ్లు ఒక చేత్తో కండెలు చుడుతూనో, చాట ముందేసుకుని బీడీలు చేస్తూనో ఉంటారు. కార్ఖానాలో ఎనిమిది గంటలు పనిచేసే మనిషి చెవికి 90 డెసిబెళ్లు దాటకూడదని ఫ్యాక్టరీల నిబంధనలు చెబుతాయి. మరమగ్గాల షెడ్డులో కాసేపు నిలబడి పక్కమనిషితో మాట్లాడి చూడండి, సైగలు తప్ప గతి ఉండదు. ఇక్కడి పిల్లలు పలకా బలపం పట్టింది ఆ మోతలో. ఎక్కాలు బట్టీపట్టింది ఆ మోతలో. నిద్రపోయేదీ ఆ మోతలోనే.

మోత ఆగితేనే వీళ్లకు భయం. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చి సాంచాలు ఆగినప్పుడు మానేరు ఒడ్డున పిట్టల కూత వినిపించిందని ఎవరూ సంబరపడలేదు. 2024 జనవరిలో ఆర్డర్లు లేక, పాత బకాయిలు రాక సాంచాలు బంద్ పెట్టినప్పుడు కూడా ఊరు నిశ్శబ్దంగానే ఉంది. సిరిసిల్లలో చప్పుడు లేదంటే ఆ వారం కూలి లేదని. పోటీ పెట్టినవాళ్లు ఆ అమ్మాయిని అడిగింది సరిగ్గా అదే, కాసేపు మీ ఇంటి పని ఆపించి పాడమని. వాళ్లు అలా అనుకుని రాయలేదు, నిజమే. చప్పుడు లేని గదిలో కూర్చుని రాశారు. నేను చప్పుడు లేని గదిలో కూర్చుని అమలుచేశాను.

ఇదంతా చదివి నేను ఆన్‌లైన్ ఉత్సవాలకు వ్యతిరేకినని అనుకోవద్దు. కేంద్ర విద్యాశాఖ 2015 నుంచి కళా ఉత్సవ్ నడుపుతోంది, తొమ్మిది నుంచి పన్నెండో తరగతి పిల్లలకు. 2020 సంవత్సరపు ఉత్సవం కరోనా వల్ల 2021 జనవరిలో పూర్తిగా ఆన్‌లైన్‌లో జరిగింది. 35 జట్లు, 576 మంది పిల్లలు. శాస్త్రీయ గానం, జానపద గానం, వాద్యాలు, నృత్యాలు, బొమ్మలు, దేశీ ఆటవస్తువులు కలిపి తొమ్మిది విభాగాలు. కరోనా మొదలైనప్పటి నుంచి నెలల తరబడి పిల్లలకు బడే లేదు. మన దగ్గర 2020 సెప్టెంబర్ 1 నుంచి టీశాట్‌లో, దూరదర్శన్ యాదగిరిలో పాఠాలు చూసుకున్నారు. అలాంటి కాలంలో ఆ మాత్రం వేదిక దొరకడమే ఎక్కువ. సాహిత్యం సంగతైతే చెప్పక్కర్లేదు. ఉత్తర అమెరికా తెలుగు సంఘం తానా వాళ్లు 2020లో మొదలుపెట్టిన ప్రపంచ సాహిత్య వేదిక కరోనా పోయినా ఆగలేదు. పద్యం చదవడానికి, కథ వినిపించడానికి ఒక మనిషి, ఒక మైకు చాలు. మైకు ఎక్కడుందన్నది పెద్ద విషయం కాదు.

పేచీ ఒక్కరితో అయ్యే పని కానప్పుడు వస్తుంది. అదేమిటో చెప్పాలంటే సిరిసిల్ల నుంచి వేములవాడ దాటి హనుమాజీపేట దాకా పోవాలి.

హనుమాజీపేట అనగానే అందరికీ సినారె గుర్తొస్తారు. 1931లో అక్కడ పుట్టి, సిరిసిల్ల బడిలో ఉర్దూ మాధ్యమంలో చదివి, 1988లో జ్ఞానపీఠం దాకా వెళ్లిన సింగిరెడ్డి నారాయణరెడ్డి. 2010లో కన్నుమూసిన ఒగ్గు కథకుడు మిద్దె రాములుదీ అదే ఊరని గుర్తుంచుకునేవాళ్లు తక్కువ. ఒకే ఊరి నుంచి ఒకరు కలం, ఒకరు ఒగ్గు. ఇద్దరినీ ఈనాటి జూమ్ మీటింగులో కూర్చోబెడితే ఏమవుతుంది? సినారెకు ఏ ఇబ్బందీ లేదు. గజల్ ఎత్తుకుంటారు, ఆస్ట్రేలియాలో ఉన్నవాడు కూడా వహ్వా అంటాడు. రాములు కథ నడవదు.

ఎందుకు నడవదో కాస్త వివరంగా చెప్పుకోవాలి. ఒగ్గు కథ ఒక్కడు చెప్పేది కాదు. కథకుడి పక్కన వంత ఉంటాడు. వంత అంటే తలూపేవాడు మాత్రమే కాదు. అడిగేవాడు, అడ్డుపడేవాడు, అవసరమైతే ఎల్లమ్మ తల్లో ఊరి పటేలో అయిపోయేవాడు. వెనక డోలు, తాళాలు. కథకుడు మాట విరిచిన చోట డోలు పడాలి. రెప్పపాటు ఆలస్యమైతే రసం ఒలికిపోతుంది. పది మీటర్ల దూరాన డోలు మోగితే ఆ చప్పుడు మన చెవికి చేరడానికి సెకనులో ముప్పయ్యో వంతు పడుతుంది. ఆ మాత్రం ఆలస్యాన్ని కళాకారుడి చెవి సర్దుకుంటుంది. అదే వీడియో కాల్‌లో సెకనులో పదో వంతు, ఐదో వంతు జాప్యం మామూలు. కథకుడు ఒక ఊళ్లో, వంత మరో ఊళ్లో ఉండి అందుకోబోతే, వంత అన్నది వచ్చేసరికి కథ పక్క వాక్యంలో ఉంటుంది.

ఇంకో తిరకాసు ఉంది. జూమ్ లాంటివి మాట వినడానికి చేసిన పనిముట్లు. మాట కాని ప్రతి చప్పుడునూ రొద కిందే జమకట్టి, మన మేలుకోరి తుడిచేస్తాయి. ఫ్యాను మోత, కుక్కర్ విజిల్, సాంచా టకటక, ఆ వరసలోనే డోలు, డప్పు, చిరుతలు కూడా. ఒరిజినల్ సౌండ్ అనే మీట నొక్కితే కొంత నయం. ఆ మీట ఉందని చెప్పేవాళ్లు ఉండాలి కదా. నేను చూసిన ఒక చిరుతల రామాయణం ముక్కలో పిల్లలు గుండ్రంగా తిరుగుతూ చిరుతలు కొడుతున్నారు. చేతులు కలుస్తున్నాయి, విడిపోతున్నాయి. చప్పుడు మాత్రం లేదు. మధ్యమధ్య ఒక్కోటి టక్కుమని పైకి తేలి మళ్లీ మునిగిపోతోంది. నాతోపాటు మార్కులు వేస్తున్న మిత్రుడు “పిల్లలకు తాళజ్ఞానం తక్కువ” అని రాశాడు. తాళం పిల్లల చేతుల్లో సరిగ్గానే ఉంది, దాన్ని మింగింది యంత్రం.

అలాగని అన్నీ హాల్లోనే పెట్టండి, ఆన్‌లైన్ తీసేయండి అందామా? నోరు రాదు. కారణం చివరి రౌండు రోజు తెరమీద చూసిన ఒక చిన్న గడి.

ఆ రౌండు ప్రత్యక్షంగా జరిగింది, రాత్రి ఎనిమిదింటికి. కోరుట్ల వైపు పల్లె నుంచి ఒక పిల్లవాడు వక్తృత్వంలో మాట్లాడుతున్నాడు. తెర కింది వరసలో ఒక గడిలో నడివయసు మనిషి. రెండంతస్తుల ఇనుప మంచం, పైమంచం నుంచి వేలాడుతున్న తువ్వాల. ఒంటిమీద మెరుపు పట్టీల చొక్కా ఇంకా విప్పలేదు. దుబాయిలో అప్పుడు సాయంత్రం ఆరున్నర. పని నుంచి క్యాంపుకు వచ్చీరాగానే ఫోన్ తెరిచినట్టున్నాడు. కొడుకు మాట్లాడినంతసేపూ కదల్లేదు. అయిపోయాక చప్పట్లు కొట్టాడు. మైకు మూసి ఉంది కనుక అవి ఎవరికీ వినపడలేదు. వెనకనుంచి ఇంకో ఇద్దరు తలలు వంచి చూసి వాళ్లూ కొట్టారు.

జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్ల ఇళ్లకు ఇదేమీ కొత్త కాదు. వాట్సాప్ కాల్ కలవకపోతే ఐమోలో మాట్లాడుకున్నారు. ఫోన్లే లేని రోజుల్లో ఇంటిల్లిపాదీ చుట్టూ కూర్చుని క్యాసెట్‌లో మాటలు నింపి, పోయేవాళ్ల సంచిలో పెట్టి పంపారు. ఈ జిల్లాల తండ్రులు పిల్లల్ని పెంచిందే దూరం నుంచి. కరీంనగర్ హాల్లో పోటీ పెడితే ఆ తండ్రి రాగలిగేవాడా? అంతెందుకు, నాట్లపాట పాడిన ఆ అమ్మాయే వచ్చేదా? ఆడపిల్లను ఒక రాత్రి వేరే ఊళ్లో ఉంచాలంటే ఆ ఇంట్లో ఎన్ని మాటలు నడవాలో, తోడు వెళ్లిన మనిషికి ఎంత కూలి పోతుందో నిర్వాహకులకు తెలియదు. ఇరవై రూపాయల డేటాతో ఆమె గొంతు నా దాకా వచ్చింది. నేను దానికి చేసిన మర్యాదేమిటో పైన చెప్పాను.

అందుకని నేనడిగేది పెద్ద సంస్కరణేమీ కాదు. కథ, కవిత, వక్తృత్వం, ఒంటరి గానం ఆన్‌లైన్‌లో పెట్టండి, ఎప్పటికీ అలాగే ఉంచండి. ఒగ్గు కథ, చిరుతల రామాయణం, కోలాటం మాత్రం ఇంటర్నెట్‌లోకి కుక్కొద్దు. వాటికి మండలానికో బడి చూసి, న్యాయనిర్ణేతలనే బస్సెక్కించండి. ముప్పైమంది పిల్లలు మా దగ్గరికి రావడం కంటే మేము ముగ్గురం వాళ్ల దగ్గరికి పోవడం చవక. నేను రెడీ. సిరిసిల్లకు డీలక్స్ కూడా అక్కర్లేదు, ఎక్స్‌ప్రెస్ చాలు. ఆన్‌లైన్‌లో ఏం పెట్టినా, నియమాలు రాసేముందు ఆ పోటీకి వచ్చే ఇళ్లలో ఒక్కటైనా చూసి రండి.

ఆ అమ్మాయి మార్కులు ఇప్పుడు మార్చలేమన్నారు. జాబితా పైకి పోయిందట. నిర్వాహకులకు నేను రాసిన ఉత్తరంలో మూడు లైన్లే ఉన్నాయి. రెండు లైన్లు క్షమాపణ. మూడోది: వచ్చే ఏడు పంపే కాగితంలో ఏడో నియమం కొట్టేయండి, లేదంటే ఆ కుర్చీలో ఇంకొకరిని చూసుకోండి.