తుప్పు వేరు, ఔషధం వేరు

"వైద్యులుగారూ! పెనానికి పట్టిన తుప్పు కూడా ఇనుమే కదా? దోసెలో కాస్త కలిసినా రక్తం పడుతుంది కదా?" అని పాండురోగానికి నా వద్ద చికిత్స పొందుతున్న ఒక ఇల్లాలు అడిగింది. ఇదే మాటను అనేకుల నోట విన్నాను గనుక, ఆమెకు చెప్పిన సమాధానాన్నే పాఠకులకూ విన్నవిస్తున్నాను.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో 15-49 ఏండ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనత ఉన్నది. ఇట్టి స్థితిలో తుప్పును మందుగా భ్రమించి అసలు చికిత్సను వాయిదా వేయడం తగదు. తుప్పులోని ఇనుము శరీరానికి వంటబట్టేది బహు స్వల్పం.

గురుకులంలో నేను లోహశోధన స్వయంగా చేసినవాడిని. ఇనుప రేకులను ఎర్రగా కాల్చి నువ్వులనూనె, మజ్జిగ, గోమూత్రం, కాంజికం, ఉలవ కషాయం వీటిలో ఒక్కొక్కదానిలో ఏడేసి మార్లు ముంచిన పిదపనే పుటం వేసేవారము. మండూర భస్మానికి మూలం ఇనుప చిట్టెమే అయినా, శోధన మారణాలు జరుగనిదే అది ఔషధం కాదు. చరక సంహితలోని రసాయన ప్రకరణం త్రిఫల కల్కాన్ని ఇనుప పాత్రకు పూసి ఒక అహోరాత్రం ఉంచమన్నది. ఆ పాత్ర కొత్తదై ఉండవలెనని కూడా చెప్పినది. తుప్పు పట్టిన పాత్రను చెప్పలేదు.

కనుక పెనాన్ని శుభ్రపరచవలసినదే. పారవేయనక్కరలేదు, ఇంటిలోని పులుపే చాలు. నిమ్మకాయంత చింతపండును కొద్ది వేడినీటిలో నానబెట్టి, చిక్కని గుజ్జు తీసి మరకపై పట్టించండి. పైన కల్లుప్పు చల్లి అరగంట మించకుండా ఉంచి, కొబ్బరిపీచుతో రుద్ది కడగండి. నిమ్మచెక్కతోనూ ఇట్లే చేయవచ్చును. మరక మిగిలితే మరల పూయండి గాని రాత్రంతా నానబెట్టకండి. ఆమ్లం ముందు తుప్పును కరిగిస్తుంది, ఆపై ఇనుమునే తినివేస్తుంది.

తుప్పుతోపాటు పెనంపై ఉన్న నల్లని నూనెపూత కూడా పోతుంది. అందుచేత వంటసోడా కలిపిన నీటితో ఒకసారి కడిగి, వెంటనే పొయ్యిమీద తడి ఆరనిచ్చి, పలుచగా నూనె రాచి పొగ వచ్చేవరకు కాల్చండి. ఇట్లు రెండు మూడు మార్లు చేయాలి. ఈ పని మానితే కొద్ది గంటలలోనే తుప్పు మరల తలయెత్తుతుంది.

శుభ్రమైన ఇనుప పాత్రలో పుల్లని కూర వండితే కొంత ఇనుము వంటకంలోకి దిగే మాట నిజమే. అయితే వండగానే వేరొక గిన్నెలోకి తీయండి. నిలువ ఉంచితే కూర నల్లబడి, కనరెక్కుతుంది, పెనమూ చెడుతుంది.

రక్తహీనతకు అధిక ఋతుస్రావం, కడుపులోని పురుగులు, పోషకాహార లోపం మొదలైన కారణాలు అనేకం. రక్తపరీక్ష చేయించి, కారణం తెలిసికొని చికిత్స పొందాలి. భస్మాలనైనా వైద్యుని సలహా లేక వాడరాదు. చింతపండు పెనానికి పట్టిన తుప్పును వదిలిస్తుంది. పాండురోగాన్ని వదిలించవలసినది వైద్యం.