పాత కారు ఆగితే కొత్త సామానే మందా?

1950లలో మొదలైన అంబాసిడర్ కారు తయారీ 2014లో ఆగిపోయింది. అయినా పల్లెల్లో ఆ బండ్లు నేటికీ అక్కడక్కడా తిరుగుతున్నాయి. పెళ్ళివారికీ, సంతకు పోయేవారికీ, రాత్రివేళ జబ్బు మనిషికీ అవి అక్కరకు వస్తున్నాయి. అటువంటి బండి రైలు గేటు మధ్య ఆగిపోతే జరిగేదేమిటో వేరే చెప్పనక్కరలేదు.

ఈ కార్లకు పట్టే మొండి రోగం ఒకటుంది. ఊరు దాటేదాకా బాగా నడిచి, ఎండలో నడిరోడ్డు మీద నిలిచిపోతాయి. అరగంట ఆగితే మళ్ళీ కదులుతాయి. మెకానిక్ దగ్గరకు చేరేసరికి ఏ జబ్బూ కనపడదు. అప్పుడు ఊహ మీద ఒకనాడు కాయిల్, మరొకనాడు పంపు, ఆపైన కార్బొరేటర్ మార్చడం పరిపాటి అయింది. ఇది మరమ్మతు కాదు, చీకట్లో బాణం వేయడమే.

పెట్రోలు ఇంజనుకు కావలసినవి వేళకు నిప్పురవ్వ, తగినంత పెట్రోలు, గాలి. వీటిలో ఏది కరువైందో బండి ఆగిన చోటనే చూడాలి. ప్లగ్గు వైరుకు వేరొక ప్లగ్గు తగిలించి, దాని ఇనుప భాగాన్ని ఇంజనుకు ఆనించి సెల్ఫ్ కొట్టించాలి. పెట్రోలు ఒలికిన చోట మాత్రం ఈ పరీక్ష చేయరాదు. రవ్వ నీలంగా, గట్టిగా వస్తే దోషం చాలావరకు పెట్రోలు వైపు ఉన్నట్టు. రవ్వ లేకపోయినా, నీరసంగా ఉన్నా పాయింట్లు, కండెన్సర్, కాయిల్ చూడాలి. పాయింట్ల సందు సుమారు 0.4 మిల్లీమీటర్లు ఉండాలి. కాయిల్, కండెన్సర్ పాడవుతున్నప్పుడు వేడెక్కితే పనిచేయక, చల్లారితే కోలుకోవడం కద్దు.

పెట్రోలు వైపు తీసుకుంటే, ఇంజను వేడికి గొట్టంలో పెట్రోలు ఆవిరై దారి మూయవచ్చు. పంపు మీద తడిగుడ్డ వేస్తే బండి కదిలిందంటే కారణం అదే. ట్యాంకు మూత తీయగానే బుస్సుమంటూ గాలి లోపలికి పోతే మూత రంధ్రం పూడిందన్నమాట. ఇప్పటి పెట్రోలులో 20 శాతం వరకు ఇథనాల్ కలుస్తోంది. పాత రబ్బరు గొట్టాలు దానికి చివికిపోవచ్చు. కనుక వాటినీ తడిమి చూడాలి. డీజిల్ బండికి ప్లగ్గు, పాయింట్లు ఉండవు. అక్కడ గొట్టాల్లో గాలి చొరబడిందేమో చూడాలి.

సెల్ఫ్ టక్కుమని ఆగిపోతే కొత్త బ్యాటరీ కొనేముందు టెర్మినళ్ళ మీది తెల్లటి పొక్కును, ఎర్త్ వైరును శుభ్రం చేయాలి. పైసా ఖర్చు లేని పని ఇది.

తప్పంతా మెకానిక్కులదే అనడం న్యాయం కాదు. రెండు గంటలు వెతికి తీగ ఒకటి బిగిస్తే కూలీ ఇవ్వడానికి యజమానులకు చేయి రాదు. డబ్బా విప్పి కొత్త సామాను వేస్తేనే డబ్బు తీస్తారు. ఆ పద్ధతి మారాలి. బండి ఎన్ని మైళ్ళకు ఆగింది, వేడి మీదనా, ట్యాంకులో పెట్రోలు ఎంత ఉంది అన్నవి యజమాని రాసిపెట్టుకుని చెప్పాలి. వెతికిన శ్రమకు కూలీ కట్టాలి. మెకానిక్ కూడా ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. రోగం తెలియకుండా మందు వేసే వైద్యుణ్ణి ఊరు నమ్మదు. బండి విషయంలోనూ అదే వివేకం చూపవలసి ఉంది.