తూకము చెప్పు న్యాయము

లాభము రెండు విధముల కలుగును. సరకును ఎక్కువ వెలకు అమ్ముట ఒకటి. చేతనున్న పదార్థమును వ్యర్థము కానీయకుండుట రెండవది. లోకులు మొదటిదానినే వ్యాపారమని తలతురు. రసాయన పరిశ్రమకు రెండవదియే ప్రాణము. దానిని నేర్పు విద్య రసాయన గణితము.

ఇందులకు సున్నపు బట్టీని ఉదాహరణముగా గైకొనవచ్చును. పల్నాడులోని పిడుగురాళ్ల ఈ పరిశ్రమకు పేరుగాంచిన ఊరు. రసాయనిక మార్పులో పదార్థము రూపు మారునే గాని మొత్తము తూకము మారదని ఫ్రాన్సు దేశపు శాస్త్రజ్ఞుడైన లావోయిజర్ 1789లో వెలువరించిన గ్రంథమున స్పష్టపరచెను. శుద్ధమైన సున్నపురాయి 100 టన్నులు పూర్తిగా కాలినచో 56 టన్నుల సున్నము మిగులును. 44 టన్నుల బొగ్గుపులుసు వాయువు గాలిలో కలియును. ఈ 56 టన్నులు ప్రకృతి గీచిన గీటు. ఎంతటి నేర్పరియు దానిని దాటలేడు.

ఒక బట్టీలో 42 టన్నుల సున్నమే లభించినదనుకొన్నచో, దిగుబడి నూటికి 75 వంతులు. రాయికి, బొగ్గుకు, కూలికి కలిపి 2,10,000 రూపాయలు ఖర్చయినదనియు, టన్ను 5,500 రూపాయలకు అమ్ముడుపోయినదనియు భావింపవలెను. అప్పుడు లాభము 21,000 రూపాయలు మాత్రమే. అదే ఖర్చుతో దిగుబడి నూటికి 90 వంతులైనచో లాభము 67,200 రూపాయలగును. దిగుబడి కొంచెము పెరిగినది; లాభము మూడింతలు దాటినది. కాలని రాయి కూడ బొగ్గును, శ్రమను తినియే యుండుట దీనికి కారణము.

లాభము తగ్గగానే కొందరు యజమానుల దృష్టి ముందుగా కూలిపై పడును. పై ఖర్చులో కూలి 40,000 రూపాయలైనచో, అందు నాలుగవ వంతు కోసినను మిగులునది 10,000 రూపాయలే. పేదవాని కడుపు మాడ్చి సంపాదించిన ఆ సొమ్ము చిల్లుకుండలో పోసిన నీరే యగును. రాళ్లను సమానముగా పగులగొట్టుట, వేడిని సుమారు 900 సెంటిగ్రేడు డిగ్రీలకు తగ్గనీయకుండుట, కాలని ముక్కలను ఏరి మరుసటి కాల్పునకు చేర్చుట అను పనులు కూలివాని కన్నుతో, చేతితో జరుగవలసినవే. కూలిని కోసి శ్రద్ధను ఆశించుట అవివేకము.

ఈ గణితము కొనువానికిని రక్షణయే. శుద్ధమైన రాయి 100 టన్నులు కాల్చి 67 టన్నుల సరకు దింపిన యజమాని గర్వింపరాదు. అందు 42 టన్నులే సున్నము. తక్కిన 25 టన్నులు కాలని రాయి. దానిని సున్నమని అమ్ముట వ్యాపారము కాదు, మోసము.

నూటికి నూరు వంతుల దిగుబడి బట్టీలలో దుర్లభమన్నది నిజమే. అయినను గమ్యమెంత దూరమో తెలిసినవాడే తాను ఎచ్చట నిలిచినాడో ఎరుగును. కావున రసాయన సమీకరణమును పరీక్ష కొరకే వల్లించుట చాలదు. నష్టమునకు నిజమైన కారణమును చూపి, నిరపరాధిపై నింద పడకుండ కాపాడునదియే సరియైన లెక్క. అట్టి లెక్కను ఎరిగి సంపాదించిన లాభమే న్యాయమైన లాభము.