మామగారి మాత్రలు

"మా మామగారికి ప్రోస్టేట్ గ్రంథి పెరిగిందని టామ్సులోసిన్, డ్యూటాస్టెరైడ్ కలిసిన మందు రాశారు. నెలయినా రాత్రి నాలుగుసార్లు లేస్తున్నారు. ఇక ఆపేస్తానంటున్నారు. మందులు అందించేది నేనే. నాకిప్పుడు మూడో నెల" అని రాశారొక సోదరి.

ఆపనివ్వకండమ్మా. టామ్సులోసిన్ మూత్రం దారిలో కండరాన్ని వదులు చేస్తుంది, కొద్ది రోజుల్లోనే పని మొదలెడుతుంది. గ్రంథిని కుదించేది మాత్రం డ్యూటాస్టెరైడే. దానికి 6 నెలలు పట్టొచ్చు. గ్రంథి పెరిగినవారి మీద 4 ఏళ్లు సాగి 2010లో వెలువడిన పరిశీలనలో, టామ్సులోసిన్ ఒక్కటే వాడినవారికన్నా రెండూ వాడినవారికి మూత్రం బిగుసుకుపోవడం, ఆపరేషన్ దాకా వెళ్లడం బాగా తగ్గాయి. ఈలోగా రాత్రి బాధ తగ్గలేదని డాక్టరుకు చెప్పమనండి.

నా కంగారంతా మీ గురించే. డ్యూటాస్టెరైడ్ చర్మం గుండా ఒంట్లోకి వెళ్తుంది. కడుపులో ఉన్నది మగబిడ్డయితే జననాంగాల ఎదుగుదలకు చేటు. ఇన్నాళ్లూ చెక్కుచెదరని గొట్టం మాత్రలే అందించి ఉంటే భయపడకండి. ఒకవేళ చితికింది చేతికంటితే వెంటనే సబ్బుతో కడుక్కోండి, మీ డాక్టరమ్మకు చెప్పండి. ఇవాళ్టి నుంచి ఆ పని మీవారికి అప్పజెప్పండి. మామగారికి చెప్పడానికి మొహమాటమైతే అత్తగారితో చెప్పించండి.

అన్నట్టు, ఆయన మంచం మీంచి దిగ్గున లేవకూడదు, కళ్లు తిరుగుతాయి. జలుబు మాత్రలు డాక్టర్ని అడక్కుండా వేసుకోకూడదు. కొన్నిటివల్ల మూత్రం పూర్తిగా ఆగిపోవచ్చు. అలా ఆగితే తెల్లారేదాకా చూడకుండా ఆస్పత్రికి తీసుకెళ్లండి.