అమరికలు ఆర్భాటం కావు



"తెలుగు పండితులకు ఈ అమరికలతో పనేమిటండీ? తెరిచి వ్రాసుకోక!" అన్నారు ఒక మిత్రులు, మార్క్‌డౌన్ ఎడిటరులో నేను చేసుకున్న మార్పులు చూసి నవ్వుతూ. ఆ నవ్వుకే ఈ సమాధానం.

2004లో జాన్ గ్రూబర్ వెలువరించిన మార్క్‌డౌన్ నాకు నచ్చిన పద్ధతి. అంతా సాదా అక్షరమే. ఖతి మారితే పిచ్చిగీతలయ్యే పాత దస్త్రాలతో విసిగినవాణ్ణి గనుక యూటీఎఫ్-8లో భద్రమయ్యే వ్రాత విలువ నాకు తెలుసు. అయితే అది వచనాన్ని తలచి చేసిన ఏర్పాటు. ఎంటర్ నొక్కినంత మాత్రాన పంక్తి విరగదు. కావాలంటే పంక్తి చివర రెండు ఖాళీలు వదలాలి.

మా గురువుగారి చేతివ్రాత పుస్తకంలోని ఉత్పలమాలలను ఎక్కిస్తూ ప్రతి పాదం చివరా రెండేసి ఖాళీలు ఉంచాను. మరునాడు చూద్దును గదా, నాలుగు పాదాలూ ఒకే ముద్ద! భద్రపరచేటప్పుడు పంక్తి చివరి ఖాళీలను తుడిచివేసే అమరిక ఒకటి లోపల పనిచేస్తూ ఉన్నది. ప్రోగ్రాములు వ్రాసేవారికి అది శుభ్రత, నాకు పాదభంగం. మన వృత్తాలలో మాట పాదం దాటి సాగుతుంది. పాదాలు కలిసేసరికి అటువంటి మాటల నడుమ ఖాళీ చేరి రెండు ముక్కలయ్యాయి. ప్రాసస్థానం కంటికి ఆనలేదు. ఆ పుస్తకం మళ్ళీ తెరవవలసి వచ్చింది. తిప్పిన ప్రతి పుటకూ అంచు రాలింది.

అందుకే ఆ అమరికను ఆపాను. 2014 నాటి కామన్‌మార్క్ నియమాలను పాటించే ఎడిటర్లు పాదం చివర వెనుకగీతను విరుపుగా గ్రహిస్తాయి. అది కంటికి కనబడుతుంది గనుక ఇప్పుడు అదే వాడుతున్నాను. ఒత్తులు కింది పంక్తి గుడులను ఢీకొనకుండా పంక్తుల ఎడం పెంచాను. ప్రతి తెలుగు మాట కిందా ఎర్రగీత గీస్తున్న ఆంగ్ల అక్షరదోష పరీక్షను మానిపించాను. ఎర్రసిరాతో జీవితం గడిపినవాణ్ణి, ఒప్పు కింద గీత గీస్తే సహించలేను.

రంగులు మారుస్తూ పూట గడిపేవారిని నేనూ సమర్థించను. కాని తయారుచేసినవారు తమ భాషకు తగినట్టు అమర్చారు. మన భాషకు తగినట్టు అమర్చుకోవలసింది మనమే. పద్యం వ్రాసేవారు ముందు ఆ ఖాళీలు తుడిచే అమరికను వెదికి ఆపండి. ఆ తరువాత నన్ను చూసి తీరికగా నవ్వవచ్చు.