క్లాంపు బిగిస్తే తీరని సందు

టేకు పలకలు పక్కపక్కన అతికించి చేసిన డైనింగ్ టేబుల్ ఒక్క వేసవి గడిచేసరికి అతుకు దగ్గర నోరు తెరుస్తుంది. కర్ర పచ్చిదని ఇంటివాళ్లు, జిగురు నాసిరకమని వడ్రంగి అంటారు. రెండూ నిజం కావచ్చు. కానీ తప్పు అంతకు ముందే, అంచులు కోసిన రోజే జరిగి ఉండవచ్చన్నది ఎవరికీ తట్టదు. మళ్లీ చేసివ్వాల్సిన ఖర్చు మాత్రం వడ్రంగి మీదే పడుతుంది.

తెల్ల జిగురు, అంటే పీవీఏ, సందులు పూడ్చే పదార్థం కాదు. అందులోని నీరు చెక్కలోకి ఇంకిపోయాక మిగిలిన పాలిమర్ పలుచని పొరగా గట్టిపడాలి. ఆ పొర మందం సుమారు 0.1 మిల్లీమీటరు ఉంటే, అతుకును విరిచినా జిగురు ఊడదు, పక్కన చెక్కే చీలుతుంది. సందు అంతకంటే వెడల్పైతే జిగురు ఎండుతూ కుంచించుకుపోతుంది, బలం పడిపోతుంది.

క్లాంపు గట్టిగా బిగిస్తే సందు మూసుకుంటుందన్నది చాలామంది ధీమా. పలకను దాని వెడల్పు దిశలో వంచడానికి కావలసిన బలం ఆ వెడల్పు ఘనంతో పెరుగుతుంది. 5 సెంటీమీటర్ల పట్టీతో పోలిస్తే 15 సెంటీమీటర్ల పలకకు 27 రెట్లు కావాలి. పైగా గట్టి కర్రకు చదరపు సెంటీమీటరుకు 12 కిలోల ఒత్తిడి అవసరమనుకుంటే, 25 మిల్లీమీటర్ల మందం, మీటరు పొడవు ఉన్న అంచుకు అది 3 టన్నులు. క్లాంపుల శక్తంతా జిగురును నొక్కడానికే సరిపోదు. ఇక వంకర తీయడానికి ఏం మిగులుతుంది? ఒకవేళ మూసుకున్నా, ఆ బిగువు క్లాంపు విప్పాక కూడా జిగురు పొరలోనే ఉండిపోతుంది. టేకు తేమ 1 శాతం మారితే పలక అడ్డంగా దాదాపు 0.2 శాతం కదులుతుంది. విశాఖలో చేసిన 90 సెంటీమీటర్ల టేబుల్ అనంతపురం చేరి 4 శాతం తేమ కోల్పోతే, సుమారు 7 మిల్లీమీటర్లు కుంచించుకుపోతుంది. ముందే బిగువుతో ఉన్న అతుకు అప్పుడే తెగుతుంది.

అంచు తిన్నగా రావాలంటే జాయింటర్ యంత్రం తప్పదనే మాట కూడా అంత నిజం కాదు. అల్యూమినియం పట్టా మీద జారే ట్రాక్ సా చాలు, లెక్క తెలిస్తే. బ్లేడు అర డిగ్రీ వాలి ఉందనుకుందాం. అన్ని పలకలనూ మంచి ముఖం పైకి పెట్టి కోస్తే ప్రతి అతుకులో ఒక డిగ్రీ తేడా వస్తుంది. ఎనిమిది పలకలకు ఏడు డిగ్రీలు. బల్ల కాస్తా పడవ అవుతుంది. ఒకటి విడిచి ఒకటి తిరగేసి కోస్తే ఒకదాని అంచు 90.5, దాని పక్కది 89.5 డిగ్రీలు. కలిపితే సరిగ్గా 180. రెండు పలకలను పుస్తకంలా మడిచి ఒకేసారి చిత్రిక పట్టే పాత వడ్రంగుల పద్ధతిలో ఉన్న లెక్కా ఇదే.

ఇంకో పద్ధతి దీనికంటే మేలు. రెండు అంచులనూ ముందు విడివిడిగా, దాదాపు తిన్నగా కోసుకోవాలి. తర్వాత పలకలను అతికించే వరుసలోనే పడుకోబెట్టి, మధ్యలో మిల్లీమీటరు సందు ఉంచి, కదలకుండా బిగించి, ఆ సందు మీదుగానే రంపం నడపాలి. బ్లేడు కోత సుమారు 2 మిల్లీమీటర్లు కాబట్టి రెండు అంచులూ ఒకేసారి తెగుతాయి. పట్టాలో చిన్న వంకర ఉన్నా ఒక అంచు ఉబ్బుకు రెండో అంచు లోతు సరిపోతుంది. వాలు కూడా దానంతటదే సర్దుకుంటుంది. మడిచి చిత్రిక పట్టడం వాలును మాత్రమే సరిచేస్తుంది, పొడవునా ఉన్న వంకరను రెట్టింపు చేస్తుంది. అయితే కోస్తుండగా పలక కదిలితే రంపం వెనక్కి తన్నుతుంది, కాబట్టి బిగింపులో అశ్రద్ధ పనికిరాదు. ఏ అంచు దేనికి జతో సుద్దతో గుర్తు పెట్టుకోవాలి.

రోజంతా పలకలు అతికించే కార్ఖానాకు జాయింటరే నయం, అందులో వాదన లేదు. నెలకు రెండు బల్లలు చేసే దుకాణం మాత్రం దానికోసం అప్పు చేయనక్కర్లేదు. ఆ డబ్బులో కొంత పదునైన బ్లేడుకు, ధూళి లాగే యంత్రానికి పెట్టడం మంచిది. మొద్దు బ్లేడు మాడ్చిన అంచుకు జిగురు సరిగా పట్టదు. కర్ర ధూళి క్యాన్సర్ కారకమని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ ఎప్పుడో తేల్చింది. టేకులో సహజంగా నూనెలు ఉంటాయి కనుక కోసిన రోజే అతికించాలి.

జిగురు పూసే ముందు పలకలను క్లాంపు లేకుండా ఒకదాని మీద ఒకటి నిలబెట్టి, వెనక దీపం పెట్టి చూడాలి. వెలుగు గీత కనిపిస్తే మళ్లీ రంపం నడపాల్సిందే.