ఆరోగ్యము పేరిట తీపి: ఓట్సు బిస్కత్తుల సంగతి

ఇంట చేసిన చిరుతిండి అంగడిలో కొన్న దానికంటె మేలైనదను నమ్మకము ప్రజలలో బలముగా నాటుకొనియున్నది. ఆ నమ్మకము చాలవరకు సరియైనదే. కాని ఓట్సు బిస్కత్తుల విషయమున దానికి ఒక షరతు చేర్చుట అవసరము. ఓట్సు, ఎండుపండ్లు, దాల్చినచెక్క, ఏలకులు కలిపి కాల్చిన బిస్కత్తు రుచికరమైన తీపివంటకము. అది ఔషధము కాదు. ఈ భేదమును మరచుటవలననే ఒక మంచి వంటకము కొన్ని కుటుంబములలో హానికి కారణమగుచున్నది.

మధుమేహమున్న పెద్దలు లడ్డును ముట్టరు. మైసూరుపాకు పళ్లెము ఎదుటికి వచ్చినచో దూరముగా జరుపుదురు. అట్టివారే సాయంకాలము తేనీటితోపాటు నాలుగు ఓట్సు బిస్కత్తులను నిశ్చింతగా తిందురు. అవి ఇంటివారు ప్రేమతో కాల్చి పెట్టినవి. పైగా ఓట్సుతో చేసినవి. ఇక శంకించుట ఎందులకు? పిల్లలు ఉదయము ఫలహారము తినక మారాము చేసినపుడు తల్లులు ఇదే ధైర్యముతో బిస్కత్తులను డబ్బాలో పెట్టి బడికి పంపుదురు. భారత వైద్య పరిశోధన మండలి తోడ్పాటుతో జరిగి 2023లో ప్రకటింపబడిన సర్వే అంచనా ప్రకారము ఈ దేశమున 10 కోట్లకు పైగా ప్రజలకు మధుమేహము కలదు. 13 కోట్లకు పైగా ప్రజలు దాని ముంగిట నిలిచియున్నారు. ఇట్టి దేశమున ఏది తీపియో, ఏది పథ్యమో తెలిసి తినుట చిన్న విషయము కాదు.

ఓట్సు చల్లని ప్రదేశముల ధాన్యము. స్కాట్లండు ప్రజలు తరతరములుగా దానిని జావగాను, రొట్టెగాను వాడుచు వచ్చిరి. ఉత్తర భారతమున దీనిని ‘జై’ అను పేరుతో ముఖ్యముగా పశుగ్రాసమునకై పండింతురు. ఓట్సుతో కుకీలనబడు తీపి బిస్కత్తులను చేయుట అమెరికా గృహములలో బాగుగా వ్యాపించెను. 1896లో ఫానీ ఫార్మర్ అను వంటల ఉపాధ్యాయిని ప్రకటించిన బోస్టన్ పాకశాస్త్ర గ్రంథములోనే ఓట్సు కుకీల విధానము కానవచ్చును. నేడు అణచిన ఓట్సు రేకులు తెలుగునాట చిన్న పట్టణముల అంగళ్లలో సైతము దొరకుచున్నవి. వాటివెంట ఈ బిస్కత్తు కూడ ఇక్కడి వంటయిండ్లలో ప్రవేశించినది.

ఓట్సునకు మంచిపేరు ఊరక రాలేదు. అందు బీటా గ్లూకాన్ అను ఒక విధమైన పీచుపదార్థము కలదు. అది నీటిలో కరగి, ప్రేగులలో జిగురువలె చిక్కబడి, ఆహారములోని చక్కెర రక్తములో కలియు వేగమును తగ్గించును. పైత్యరసములోని ఆమ్లములను కొంతవరకు పట్టుకొని మలముతో వెడలించును. కోల్పోయిన దానిని తిరిగి తయారుచేసికొనుటకు కాలేయము రక్తములోని కొలెస్టరాలును వినియోగించును. ఈ కారణముచేతనే, కొవ్వు మితముగా గల ఆహారములో భాగముగా రోజునకు 3 గ్రాముల బీటా గ్లూకాన్ తీసికొన్నచో గుండెజబ్బు అపాయము తగ్గవచ్చునని ఓట్సు పొట్లములపై చెప్పుకొనుటకు అమెరికా ఆహార, ఔషధ పరిపాలన సంస్థ 1997లో అనుమతించినది.

ఇచ్చటనే లెక్క చూడవలసియున్నది. 3 గ్రాముల బీటా గ్లూకాన్ లభించుటకు సుమారు 60 మొదలు 80 గ్రాముల ఓట్సు కావలెను. అమెరికా గృహములలో వాడుకలోనున్న ఒక కొలతను చూడుడు. 240 గ్రాముల ఓట్సునకు దాదాపు 250 గ్రాముల చక్కెర, 200 గ్రాముల వెన్న, వీటికి తోడు మైదా, గ్రుడ్లు, ఎండుద్రాక్ష చేర్చుదురు. ఇట్లు చేసిన ముద్ద 48 బిస్కత్తులగును. అనగా ఒక్కొక్క బిస్కత్తులో ఓట్సు 5 గ్రాములు, చక్కెర అంతకు కొంచెము ఎక్కువ. ఓట్సు వలని మేలు కోరి 60 గ్రాములు తినదలచిన మనిషి 12 బిస్కత్తులు తినవలెను. వాటితోపాటు 60 గ్రాములకు పైగా చక్కెర, 50 గ్రాముల వెన్న కడుపులో చేరును. రోజునకు 2000 కిలో కేలరీల ఆహారము తినువారికి చేర్చిన చక్కెర 50 గ్రాములు మించరాదనియు, 25 గ్రాములకు లోబడినచో మరింత మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ప్రకటించిన సూచనలనుబట్టి తేలుచున్నది. కావున మేలు కోరి తిన్నవారికి మేలుకంటె కీడే ఎక్కువగా దక్కును.

మేలు కోరువారికి మార్గము వేరుగా ఉన్నది. ఉదయమున 40 గ్రాముల ఓట్సును జావగా కాచుకొనినను, కూరగాయముక్కలతో ఉప్మాగా చేసికొనినను, ఇట్టి 8 బిస్కత్తులలోని ఓట్సు చక్కెర లేకుండ లభించును. బిస్కత్తును దాని రుచికొరకే తినవలెను.

ఈ విషయమున పూర్వుల నడవడి గమనింపదగినది. సంక్రాంతికి అరిసెలు వండినవారు వాటిని పథ్యమని పిలువలేదు. అరిసె తీపియని, నేతిలోనో నూనెలోనో వేగినదని ఇంటిల్లిపాదికి తెలియును. పండుగకు వండిరి, పంచిరి, డబ్బా ఖాళీ కాగానే మరల ఏడాదివరకు ఊరకుండిరి. పండుగ పేరిట తిన్న తీపికి పండుగయే హద్దు. ఆరోగ్యము పేరిట తిను తీపికి అట్టి హద్దు లేదు. అది ప్రతిదినము, ప్రతి పూట, మందువలె లోనికి పోవుచుండును. అపాయమంతయు ఇందే యున్నది.

అట్లని ఓట్సు బిస్కత్తును వంటయింటినుండి వెడలగొట్టనక్కరలేదు. దాని కొలతను మార్చిన చాలును. ఈ వంటకమున చక్కెరను తగ్గించుటకు పండ్లు, సుగంధద్రవ్యములు రెండును తోడ్పడును. మెత్తగా మ్రగ్గిన అరటిపండు, ఖర్జూరము తమ తీపితోపాటు పీచును కూడ తెచ్చును. దాల్చినచెక్క, ఏలకుల సువాసన ముక్కునకు సోకినపుడు నాలుకకు ఉన్న తీపియే హెచ్చుగా తోచును. శొంఠి ఇచ్చు వెచ్చని ఘాటువలన వంటకము చప్పగా ఉన్నదను భావము కలుగదు.

24 బిస్కత్తులకు ఈ కొలత సరిపోవును. ఓట్సు 200 గ్రాములు, గోధుమపిండి 100 గ్రాములు, వెన్న 80 గ్రాములు, తురిమిన బెల్లము 60 గ్రాములు, గింజ తీసి సన్నగా తరిగిన ఖర్జూరము 100 గ్రాములు, బాగుగా మ్రగ్గిన అరటిపండ్లు రెండు, దాల్చినచెక్క పొడి ఒక చిన్న చెంచా, ఏలకుల పొడి, శొంఠి పొడి అర చెంచా చొప్పున, జాజికాయ పొడి చిటికెడు, తినుసోడా అర చెంచా, ఉప్పు చిటికెడు. వెన్నను, బెల్లమును కలియునట్లు బాగుగా మెదిపి, అరటిపండ్ల గుజ్జు చేర్చవలెను. పొడివస్తువులను విడిగా కలిపి అందులో వేసి, ఖర్జూరము చేర్చి, ఓట్సు తడిని పీల్చుకొనుటకు పావుగంట ఉంచవలెను. పిదప చిన్న ఉండలు చేసి, అరచేత అదిమి, 180 డిగ్రీల సెంటిగ్రేడు వేడిలో అంచులు ఎఱ్ఱబడువరకు, అనగా 12 మొదలు 15 నిమిషములు కాల్చవలెను. ఓవెను లేనివారు మందపాటి అడుగుగల గిన్నెలో ఇసుక పోసి వేడిచేసి, దానిపై పళ్లెము నుంచి, మూతపెట్టి సన్నని సెగపై కాల్చుకొనవచ్చును. అపుడు మరికొంత కాలము పట్టును. ఇట్లు చేసిన ఒక్కొక్క బిస్కత్తులో బెల్లము రెండున్నర గ్రాములు మాత్రమే. అయినను దానిలో సుమారు 100 కిలో కేలరీలుండును. ఒకటి రెండింటితో తృప్తిపడవలెను.

ఈ సందర్భమున మూడు అపోహలను తొలగింపవలసియున్నది. మొదటిది, బెల్లము తిన్నచో చక్కెర తిన్నట్లు కాదనునది. మధుమేహమున్నవారి శరీరము ఈ రెండింటికిని భేదము చూపదు, తేనెయు అంతే. ఖర్జూరమును సైతము వారు లెక్కలోనికి తీసికొనవలెను. రెండవది, దాల్చినచెక్క మందు గనుక ఎంత తిన్నను మంచిదేయనునది. అంగళ్లలో ఆ పేరుతో తరచుగా అమ్ముడగునది కాసియా అను మందపాటి బెరడు. అందు కూమరిన్ అను పదార్థము ఎక్కువగా నుండును. అది మితిమీరినచో కాలేయమునకు హాని చేయగలదు. వంటలో వేయు చిన్న చెంచా పొడి 24 బిస్కత్తులలో పంచబడును గనుక భయము లేదు. దినదినము చెంచాలకొలది నీళ్లలో కలిపి త్రాగుట మాత్రము తగదు. మూడవది, వెన్న ఖరీదు గనుక వనస్పతి వాడినను ఒకటేయనునది. ఆహార పదార్థములలోని నూనెలు, కొవ్వులలో పారిశ్రామికమైన ట్రాన్స్ కొవ్వు నూటికి 2 వంతులు మించరాదను నియమము ఈ దేశమున 2022 జనవరి నుండి అమలులోనున్నది. ఆ నియమము మేలు చేసినదే; అయినను వనస్పతి ఆరోగ్యద్రవ్యము కాదు.

అంగడి బిస్కత్తు కొనువారు పొట్లము ముందువైపు బొమ్మను చూచి సంతృప్తి చెందరాదు. వెనుకవైపున వస్తువుల పేర్లు బరువులో హెచ్చు మొదలు తగ్గు వరుసలో ముద్రింపబడియుండవలెనని చట్టము చెప్పుచున్నది. మొదట మైదా, పిదప చక్కెర, ఆ తరువాత నూనె, ఎక్కడనో చివర ఓట్సు కనబడినచో ఆ పొట్లముపై ఓట్సు పేరు అలంకారమాత్రమే. పొట్లములపై సమాచారము చదివి కొనుమని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన ఆహార సూత్రములలోను కలదు.

ఈ విచారణ ఓట్సునకే పరిమితము కాదు. ఓట్సు ఖరీదని తలచువారు అదే కొలతలో రాగిపిండితోనో జొన్నపిండితోనో ప్రయత్నింపవచ్చును. రాగులలో సున్నము సమృద్ధిగా నున్నది. అయినను రాగి బిస్కత్తులో చక్కెర కుమ్మరించి బలవర్ధకమని పిల్లలకు పెట్టినచో జరుగునది అదే మోసము. ధాన్యము మంచిదైనంత మాత్రమున దానితో కలిసిన చక్కెర మంచిది కాజాలదు.

కావున గృహస్థులు బిస్కత్తులు కాల్చుకొని పిల్లలతో కలిసి సంతోషముగా తినవచ్చును. ఇల్లంతయు ఏలకుల వాసనతో నిండుట ఆనందమే. అయితే వాటిని మిఠాయిల డబ్బాలో పెట్టవలెను. మందుల బల్లపై పెట్టరాదు. పెద్దలకు పెట్టునపుడు ‘ఇది ఓట్సు, ఏమియు కాదు’ అనుటకు మారుగా ‘ఇది తీపి, ఒకటి తినుడు’ అని చెప్పుట వారియెడల నిజమైన ఆదరము.